ఫెర్రెట్‌కు సహజమైన తిండి: బంటిని పస్తు మాత్రం పెట్టకండి

ప్రశ్న: మా ఇంట్లో రెండు ఫెర్రెట్లు (ముంగిసను పోలిన పెంపుడు జంతువులు) ఉన్నాయి. బంటికి 5 ఏళ్లు, చిట్టికి 8 నెలలు. రెండూ మొదటినుంచీ డ్రై ఫుడ్ గుళికల మీదే పెరిగాయి. సహజమైన తిండికి మారుద్దామని ఈమధ్య పచ్చి బోన్‌లెస్ చికెన్ ముక్కలు పెట్టాను. బంటి ఒకసారి వాసన చూసి, గిన్నె పక్కన నేల గోకి వెళ్లిపోయాడు. చిట్టి ముక్క నోట కరుచుకుపోయి సోఫా వెనక దాచింది. రెండు రోజుల తర్వాత కంపు కొడితే గానీ మాకు తెలియలేదు. ఒక రోజంతా ఏమీ పెట్టకపోతే ఆకలికి అవే దారికొస్తాయని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇంట్లో 72 ఏళ్ల నాన్నగారు, ఏడాదిన్నర పాప ఉన్నారు. పచ్చి మాంసం అంటే మావారికి భయం. అసలు మార్చాలా? మారిస్తే ఎలా మార్చాలి?

సమాధానం:

ముందు ఒక్క మాట. ఆ ఒక్కరోజు పస్తు మాత్రం పెట్టకండి. మిగతావన్నీ నిదానంగా చూసుకోవచ్చు.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట తినకపోయినా ఏమీ కాదు. ఫెర్రెట్ సంగతి వేరు. దాని పేగు చాలా పొట్టి. తిన్నది 3, 4 గంటల్లో బయటికి వచ్చేస్తుంది. పొద్దున 8కి తిన్నదాని ఆనవాలు మధ్యాహ్నం 12కల్లా లిట్టర్ బాక్సులో కనిపిస్తుంది. అందుకే అది రోజుకు 8, 10 సార్లు కొంచెం కొంచెంగా తింటూ, మధ్యలో నిద్రపోతూ ఉంటుంది. దానికి రోజంతా పస్తు అంటే చాలా పెద్ద శిక్ష. పైగా 3 ఏళ్లు దాటిన ఫెర్రెట్లలో ఇన్సులినోమా అనే జబ్బు బాగా ఎక్కువ. క్లోమంలో చిన్న గడ్డలు పుట్టి, అవసరం లేకపోయినా ఇన్సులిన్ వదులుతుంటాయి. రక్తంలో చక్కెర పడిపోతుంది. గంటగంటకూ తింటున్నంతకాలం ఆ జబ్బు బయటపడకపోవచ్చు. పస్తు పెట్టిన రోజున ఒక్కసారిగా బయటపడుతుంది.

ఇది నా అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట మా ఇంటి మగ ఫెర్రెట్‌కు కూడా సరిగ్గా ఇదే వయసు. ఆకలేస్తే అదే తింటుందన్న మాట నేనూ నమ్మాను. సాయంత్రానికి వాడు ఊయల గుడ్డలోంచి దిగి నా దగ్గరికి వచ్చాడు. వచ్చాడే గానీ నన్ను చూడటం లేదు. నా వెనకున్న గోడను చూస్తున్నాడు. కళ్లలో తడి మెరుపు ఉంది, చూపు మాత్రం లేదు. నోటి కొసల నుంచి చొంగ కారుతోంది. ముందు కాళ్లతో నోరు గోక్కుంటున్నాడు, ఏదో అంగిట్లో ఇరుక్కున్నట్టు. రెండడుగులు వేసేసరికి వెనక కాళ్లు పక్కకు వాలిపోయాయి. చిగుళ్లకు తేనె రాసి ఆస్పత్రికి పరుగెత్తాం. బతికాడు. పరీక్షలో ఇన్సులినోమా అని తేలింది. తిండి మార్చాలన్న నా తొందర వాడి ప్రాణం మీదికి తెచ్చింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

కాబట్టి బంటి విషయంలో మొదటి పని మాంసం కొనడం కాదు, ఫెర్రెట్లను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం. రక్తంలో చక్కెర చూడమనండి. దానికి కొద్ది గంటలు తిండి ఆపాల్సి ఉంటుంది. ఎంతసేపు ఆపాలో డాక్టరే చెప్పాలి, మీరు సొంతంగా ఆపొద్దు. ఫెర్రెట్లలో మామూలుగా చక్కెర 90కి పైన ఉంటుంది. 60 దగ్గరికి దిగిందంటే అనుమానించాల్సిందే. పళ్లు కూడా చూపించండి. పాచి పట్టి చిగుళ్లు వాచిన జంతువు మాంసం ముక్క వద్దంటే అది మొండితనం కాదు, నొప్పి.

ఇక అసలు మార్చాలా అన్న ప్రశ్న. నా మట్టుకు, మార్చడం మంచిదే. యూరప్ అడవుల్లో ఎలుకల్నీ కుందేళ్లనీ పట్టుకు తినే పోల్‌క్యాట్ అనే అడవి జంతువు నుంచి రెండు వేల ఏళ్లకు పైగా మనిషి మచ్చిక చేసుకుంటూ తెచ్చిన జంతువు ఫెర్రెట్. అలవాట్లు మారాయి గానీ పేగులు మారలేదు. పీచు పదార్థం దానికి అరగదు. పిండి పదార్థం దానికి అక్కర్లేదు. కావలసింది జంతువుల నుంచి వచ్చే ప్రోటీన్, కొవ్వు. గుళికను గుళికగా నిలబెట్టాలంటే పిండి తప్పదు. కొన్ని ప్యాకెట్ల మీద ధాన్యం లేదని పెద్ద అక్షరాలతో ఉంటుంది. తిప్పి చూస్తే ధాన్యం బదులు బఠాణీలు, పప్పులు ఉంటాయి. ఫెర్రెట్‌కు రెండూ ఒకటే. మొక్కల ప్రోటీన్ ఎక్కువైన తిండి తింటే మూత్రం స్వభావం మారి మూత్రాశయంలో రాళ్లు ఏర్పడొచ్చు. ఇన్సులినోమాకూ పిండి ఎక్కువున్న తిండికీ సంబంధం ఉండొచ్చని చాలామంది వైద్యుల అనుమానం. అంతమాత్రాన మాంసం పెడితే ఆ జబ్బు రాదనుకోవద్దు. మాంసం మీద పెరిగినవాటికీ వస్తుంది.

అయితే మీరు పెట్టిన బోన్‌లెస్ చికెన్ సహజమైన తిండి కాదు. మీలాగే చాలామంది పొరబడేది ఇక్కడే. పోల్‌క్యాట్ ఎలుకను పట్టుకుంటే దాని తొడ కండ ఒక్కటే తిని వదిలేయదు కదా. ఎముక, గుండె, కార్జం, మూత్రపిండం, చర్మం అన్నీ తింటుంది. ఉత్త కండలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. ఒంటికి ఈ రెండూ సమానంగానో, కాల్షియం కొంచెం ఎక్కువగానో అందాలి. బోన్‌లెస్ మాంసంలో చూస్తే ఫాస్ఫరస్ 15, 20 రెట్లు ఎక్కువ. అదే నెలల తరబడి పెడితే శరీరం తనకు కావలసిన కాల్షియం తన ఎముకల్లోంచే లాక్కుంటుంది. ఎముకలు గుల్లబారతాయి. పైకి జంతువు నిగనిగలాడుతూనే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఈ పొరపాటు కంటే మంచి గుళికలే వెయ్యి రెట్లు నయం.

లెక్క కావాలంటే ఇలా పెట్టుకోండి. 100 గ్రాముల్లో 80 గ్రాములు కండ, 10 గ్రాములు పచ్చి ఎముక, 5 కార్జం, మిగిలిన 5 మూత్రపిండం లాంటి అవయవాలు. గుండెకాయ, కందనకాయ ఈ లెక్కలో కండ కిందికే వస్తాయి. గుండెకాయ తప్పకుండా ఉండాలి. టారిన్ అనే పోషకం అందులో బాగా ఉంటుంది, అది తగ్గితే గుండె కండరం దెబ్బతింటుంది. కార్జం మంచిది కదా అని పెంచొద్దు, విటమిన్ ఎ మోతాదు మించితే విషమే. కోడి రెక్క ముక్కలో దాదాపు సగం ఎముకే ఉంటుంది, అది ఒక్కటే పెడితే మలబద్ధకం. ఈ కొలతలన్నీ ఒక్క రోజులో కుదరక్కర్లేదు, వారం మొత్తం మీద కుదిరితే చాలు. ఒకే మాంసానికి అలవాటు పడనివ్వకుండా రెండు మూడు రకాలు మారుస్తూ ఉండండి. పూర్తి ఎలుకల్నే ఫ్రీజ్ చేసి అమ్మేవి పెట్టగలిగితే ఈ తూకాల గొడవే ఉండదు. అందరికీ మనసొప్పదు, మీకు ఒప్పకపోయినా తప్పు లేదు. బతికున్న ఎలుకను మాత్రం వదలొద్దు. దానికీ నరకమే, ఫెర్రెట్‌కూ కాట్లు పడతాయి.

ఉడికిన ఎముక ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఉడికితే అది చీలి సూదిలా అవుతుంది. పచ్చి ఎముక ఉన్న మాంసాన్ని మైక్రోవేవ్‌లో వెచ్చబెట్టడమూ అంతే. ఉల్లి, వెల్లుల్లి, పాలు, ఎండుద్రాక్ష దరిదాపులకు రానీయకండి. మనం తినే కూరలోంచి తీసి కడిగి పెట్టిన ముక్కలో కూడా ఉల్లి రసం ఉంటుంది.

ఇప్పుడు బంటి గిన్నె పక్కన నేల గోకిన సంగతి. మీరు దాన్ని తిరస్కారం అనుకున్నారు. వాడి దృష్టిలో అసలు అది తిండే కాదు. ఫెర్రెట్ పిల్లగా ఉన్న మొదటి నెలల్లో, సుమారు 6 నెలల లోపు, ఏ వాసన ముక్కుకు సోకిందో అదే తిండి అని దాని బుర్రలో ముద్ర పడిపోతుంది. ఆ తర్వాత ఎదురయ్యే కొత్త వాసన దానికి రాయీ రప్పా లాంటిదే. అయిదేళ్లుగా గుళికల వాసన తప్ప ఎరగని బంటి ముందు కోడి ముక్క పెట్టి తినమంటే ఎలా తింటాడు? ఎంత ఆకలేసినా అది తిండని వాడికి తోచదు. అందుకే పస్తు పనిచేయదు. వాడి ముక్కును మెల్లగా ఒప్పించుకోవాలి.

దానికి వాడికి తెలిసిన వాసనే సాయం. రోజూ తినే గుళికల్ని పొడి చేయండి. మాంసం, కార్జం కాసింత నీళ్లతో మెత్తగా రుబ్బి, చెంచాడు మాంసం ముద్దకు నాలుగు చెంచాల గుళికల పొడి కలపండి. గిన్నెను వేడి నీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేయండి. అప్పుడే చచ్చిన జంతువు ఒంట్లో ఉండేంత వెచ్చదనం చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముద్దకు వాసనే ఉండదు. ఫెర్రెట్ నిద్ర లేచిన వెంటనే ఆకలి మీద ఉంటుంది, అదే అదను. లేవడానికి గంట, రెండు గంటల ముందు గుళికల గిన్నె తీసేయండి, అంతకు మించి తీయొద్దు. అది కూడా పరీక్షలో చక్కెర బాగుందని తేలాకే.

అయినా బంటి మూతి తిప్పుకుంటాడు. తిప్పుకోనివ్వండి. ఒళ్లో పడుకోబెట్టుకుని, చూపుడువేలి కొసకు ఆ ముద్ద కొంచెం అంటించి, వాడి పై పెదవి అంచున రాయండి. నోట్లోకి కుక్కొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెదవి మీద రాస్తే ఏం చేస్తాడు? తల విదిలిస్తాడు, చిరాకు పడతాడు, చివరికి నాలుకతో నాకి శుభ్రం చేసుకుంటాడు. ఆ నాకడంలోనే రుచి లోపలికి వెళుతుంది. రోజుకు రెండు మూడుసార్లు, ప్రతిసారీ మూడు నాలుగు వేళ్ల ముద్ద. వాడు ఇష్టంగా నాకే చేప నూనె ఏదైనా ఉంటే దాని మీద ఒక చుక్క వేయండి. అయిదారు రోజులకో, పది రోజులకో, పెదవి దాకా వేలు రాకముందే నాలుక ఎదురొస్తుంది. గరుకుగా, వెచ్చగా వేలికొసను చుట్టే ఆ నాలుక తగిలిన రోజున మీకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. అప్పుడు వేలిని మెల్లగా గిన్నెలోకి దించండి. వాడూ వెంటే దిగుతాడు.

అక్కడి నుంచి పొడి తగ్గిస్తూ, మాంసం పెంచుతూ పోవాలి. ముద్ద తినడం కుదిరాక కీమా. కీమా కుదిరాక గోరంత ముక్కలు. ముక్కలు కుదిరాక పొడవాటి చీలికలు, అవి పక్క పళ్లతో కోయడం నేర్పుతాయి. గుళికలకు అలవాటైన దవడకు నమిలే బలం ఉండదు, ఒకేసారి ఎముక ముక్క ఇస్తే గొంతులో అడ్డం పడొచ్చు. ఎముకను మొదట్లో మాంసంతో పాటు మెత్తగా రుబ్బే ఇవ్వండి. చిట్టికి ఇదంతా రెండు మూడు వారాల పని. ముక్క నోట కరుచుకుపోయిందంటేనే దానికి ఆసక్తి ఉన్నట్టు. బంటికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. మధ్యలో వారం పాటు ఒక్క అడుగు ముందుకు పడకపోయినా అలాగే ఉంచండి, వెనక్కి లాగొద్దు. చిట్టి తింటుంటే బంటిని పక్కనే కూర్చోనివ్వండి, పక్కవాడి నోట్లోది వీళ్లకు ఎప్పుడూ ఎక్కువ రుచి.

తిండి మార్చే ఈ రోజుల్లో రెండు విషయాలు గమనించాలి. ఒకటి బరువు. వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి వారానికి రెండుసార్లు తూచి, కాగితం మీద రాయండి. చలికాలానికి ముందు ఒళ్లు చేసి, ఎండలు ముదిరే వేళకు చిక్కిపోవడం ఫెర్రెట్లకు సహజం, మగవాటిలో ఆ తేడా మరీ ఎక్కువ. కానీ రెండు వారాల్లోనే పదో వంతు తగ్గితే మార్పు ఆపి, పాత తిండి నిండుగా పెట్టి, డాక్టరుకు చూపించండి. రెండోది మలం. మాంసానికి మారాక అది చిన్నగా, ముదురు రంగులో, గట్టిగా వస్తుంది, వాసనా తగ్గుతుంది. సుద్ద ముక్కలా తెల్లగా పొడిపొడిగా వస్తే ఎముక ఎక్కువైనట్టు. వదులుగా వస్తే కార్జమో కొవ్వో ఎక్కువైనట్టు. ఒకరోజు ఆకుపచ్చగా జిగురుగా వచ్చినా కంగారు పడొద్దు, రెండో రోజూ అలాగే ఉంటే చూపించండి. తారులా నల్లగా జిగటగా వస్తే మాత్రం అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. కడుపులో పుండు నుంచి రక్తం పోతూ ఉండొచ్చు.

చివరగా, మీవారికి పచ్చి మాంసమంటే భయం అని రాశారు. ఆయన భయంలో న్యాయం ఉంది. ఫెర్రెట్ కడుపులోని ఆమ్లం దాన్ని కొంత కాపాడుతుందేమో గానీ, సోఫా వెనక రెండు రోజులు మురిగిన ముక్కను పాప తాకితే పాపను కాపాడదు. పచ్చి మాంసంలో సాల్మొనెల్లా, లిస్టీరియా ఉండొచ్చు. డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల్లో కొన్ని రోజులు ఉంచితే కొన్ని పరాన్నజీవులు చస్తాయి, ఈ బాక్టీరియా చావదు. పంది మాంసం పచ్చిగా అసలు వద్దు, ఔజెస్కీ అనే వైరస్ జబ్బు ఫెర్రెట్‌కు ప్రాణాంతకం. బర్డ్ ఫ్లూ సంగతి మరీ ముఖ్యం. ఫ్లూ వైరస్‌లకు ఫెర్రెట్ ఎంత తేలిగ్గా లొంగుతుందంటే, 1933లో లండన్ శాస్త్రవేత్తలు మనుషుల ఫ్లూ వైరస్‌ను మొదటిసారి పట్టుకోగలిగింది ఫెర్రెట్ల వల్లనే. 2024 చివర్లో అమెరికాలో పచ్చి టర్కీ మాంసంతో తయారైన పెట్ ఫుడ్ తిని ఒక పిల్లి బర్డ్ ఫ్లూతో చనిపోయింది. ఆ తిండి ఫ్రీజ్ చేసిందే. గడ్డకట్టిస్తే ఆ వైరస్ చావదు, ఉడికిస్తేనే చస్తుంది.

అందుకని మీ ఇంటికి నా సలహా ఇది. 72 ఏళ్ల పెద్దాయన, నేల మీదున్నదంతా నోట్లో పెట్టుకునే వయసు పాప ఉన్న ఇంట్లో పచ్చి మాంసం ఇప్పుడు వద్దు. ఉడికించి పెట్టండి. పైన చెప్పిన ముద్దా, వేలి కొసా, పెదవీ అంతా అదే పద్ధతి, మాంసం మాత్రం ఉడికింది, ఎముక మాత్రం ఉండదు. బోన్‌లెస్ మాంసం, గుండెకాయ, కొంచెం కార్జం తక్కువ నీళ్లలో లోపలిదాకా ఉడికించి, ఆ నీళ్లు పారబోయకుండా అందులోనే రుబ్బండి. టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది, నీళ్లు పారబోస్తే అదీ పోయినట్టే. ఎముక బదులు కాల్షియానికి గుడ్డు పెంకును మరిగించి, ఆరబెట్టి, పిండిలా మెత్తగా పొడి చేసి, అర కిలో మాంసానికి దాదాపు అర టీస్పూన్ కలపండి. ఇంటి వంటలో టారిన్, విటమిన్లు ఎంత కలపాలో డాక్టరుతో రాయించుకోండి. అది తేలేదాకా రోజు తిండిలో సగం ఈ ముద్ద, సగం మాంసం ఎక్కువున్న మంచి గుళికలు. ఇలా సగం సగం దగ్గరే ఆగిపోయినా బంటికి మీరు మేలు చేసినట్టే. వాడి వయసుకు నేనైతే అక్కడే ఆగుతాను. చిట్టి విషయం పాప కొంచెం పెద్దదయ్యాక మళ్లీ చూద్దాం.

దాచుకునే అలవాటు మాన్పించలేం, అది పుట్టుకతో వచ్చింది. అందుకే తడి తిండిని గది మధ్యలో పెట్టొద్దు. కేజ్‌లో మడిచిన తువ్వాలు పరిచి, గిన్నె పెట్టి, తలుపు వేసేయండి. అరగంటకు తీసేసి, తువ్వాలు వేడి నీళ్లలో ఉతకండి, గిన్నె సబ్బుతో కడగండి, మీ చేతులూ కడుక్కోండి. తిన్న వెంటనే వాటిని నాన్నగారి ఒళ్లోకి, పాప మొహం దగ్గరికి పోనివ్వకండి. వారానికోసారి సోఫా వెనకా, మంచం కిందా, చెప్పుల స్టాండులోనూ చెయ్యి పెట్టి వెతకండి.

చక్కెర పరీక్ష అయ్యాక ఎంత వచ్చిందో, ఇద్దరి బరువులూ ఎంతో రాసి పంపండి. బంటికి రోజుకు ఎన్ని గ్రాములతో మొదలుపెట్టాలో అప్పుడు లెక్క వేసి చెబుతాను. అందాకా వాడి గుళికల గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉండనివ్వండి.